తక్‌పట్టీల ఫైలు: పదో తరగతి అమ్మాయి ఒకరితో నాలుగు నెలల పని

డిసెంబరు చివర్లో నర్సంపేట వైపు ఉన్న ఆడపిల్లల రెసిడెన్షియల్ స్కూలు నుంచి ఒక టీచరు ఫోన్ చేశారు. "మేడం, ఒక పిల్ల ఉంది. క్లాసుల మొదటి ముగ్గురిల ఉంటది. పది అయినంక ఏం చదువుతవో రాయమంటే కాయితం తెల్లగనే ఇచ్చింది. రెండుసార్లు అడిగిన, రెండుసార్లు గట్లనే ఇచ్చింది. మీరొకసారి మాట్లాడుండ్రి."

నేను హనుమకొండలో ఉంటాను. పదో తరగతి, ఇంటర్ పిల్లలకు కెరీర్ కౌన్సెలింగ్ చేయడం నా పని. చేతిలో ఉన్న కేసుల్లోంచి దీన్నే ఎంచుకుని రాయడానికి కారణం ఉంది. పనిలో ఏం కోరుకుంటున్నావని పిల్లల్ని అడిగేటప్పుడు మనం వాడే మాటలే ఒక్కోసారి అడ్డం పడతాయి. ఈ కేసులో ఆ పొరపాటు నేనే చేశాను. ఆ అమ్మాయి, వాళ్ళ బాపు ఇద్దరూ ఒప్పుకున్నాకే రాస్తున్నాను. పేర్లు, ఊరు రాయడం లేదు. గుర్తుపట్టే వివరాలు కొన్ని మార్చాను.

వాళ్ళకు ఎకరంన్నర సొంత భూమి ఉంది, ఇంకో రెండెకరాలు కౌలుకు చేస్తారు. మిర్చి, పత్తి వేస్తారు. తమ్ముడు ఏడో తరగతి. మేనమామకు భూపాలపల్లిలో సింగరేణి ఉద్యోగం. ఆ ఇంట్లో ఉద్యోగం అనగానే అందరికీ గుర్తొచ్చేది ఆయనే. నెల తిరిగేసరికి జీతం, క్వార్టర్, కంపెనీ దవాఖాన, దసరా ముందు లాభాల వాటా. బాపు కోరిక బైపీసీ, డాక్టర్ కాకపోతే నర్సు. స్కూలు వాళ్ళేమో ఇంత బాగా చదివే పిల్ల ఎంపీసీనే తీసుకోవాలంటారు. ఆ పిల్ల మాత్రం ఏమీ అనదు.

మొదటిసారి స్కూలు లైబ్రరీ గదిలో కూర్చున్నాం. నేను అడగకముందే చెప్పింది: "ఏదైనా సరే మేడం, గవర్నమెంటు జాబ్ కావాలె." అంతకుమించి మాట్లాడలేదు.

నేను వాడే కార్డుల గురించి ఇక్కడ కొంచెం చెప్పాలి. పని విషయంలో మనిషికి ఏది ముఖ్యం అనే దాని మీద, అంటే పని విలువల మీద, మా రంగంలో చాలాకాలంగా పని జరుగుతోంది. డొనాల్డ్ సూపర్ అనే అమెరికా మనస్తత్వవేత్త దీన్ని కొలవడానికి ఒక ప్రశ్నావళి తయారుచేశారు. మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో డేవిస్, లాఫ్‌క్విస్ట్ అనే ఇద్దరు, మనిషికి కావలసినవి, పని ఇచ్చేవి ఎంతవరకు కుదిరితే ఆ మనిషి ఆ పనిలో అంత నిలుస్తాడని ఒక సిద్ధాంతం కట్టారు. దాని ఆధారంగానే అమెరికా కార్మిక శాఖ వాళ్ళ ఓ-నెట్‌ అనే ఉద్యోగాల సమాచార జాబితాలో పని విలువల్ని ఆరు గుంపులు చేశారు. సాధించానన్న తృప్తి, స్వతంత్రం, గుర్తింపు, తోటివాళ్ళతో సంబంధాలు, పైవాళ్ళ అండ, పని పరిస్థితులు. ఉద్యోగ భద్రత, జీతం రెండూ ఆ చివరి గుంపులోనే వస్తాయి. వీటిని విడివిడి కార్డుల మీద రాసి, పిల్లల చేత ముఖ్యమైనది పైన, కానిది కింద పేర్పించడం ఎక్కడైనా వాడే పద్ధతే.

మొదట్లో నేను పుస్తకంలో ఉన్నట్టే అచ్చు వేయించాను. "స్వయంప్రతిపత్తి" అన్న కార్డు పట్టుకుని పిల్లలు తెల్లమొహం వేసేవాళ్ళు. "గుర్తింపు" అంటే గుర్తింపు కార్డు అనుకున్నారు. ఒక అబ్బాయి దాన్ని అన్నిటికంటే పైన పెట్టి, "ఐడీ కార్డు ఉంటే బస్సుల పాస్ ఇస్తరు కద మేడం" అన్నాడు. అన్నిటికంటే ఎక్కువ ఇబ్బంది పెట్టింది "విలువలు" అన్న మాట. మన బళ్ళలో విలువలు అంటే నైతిక విలువలే. ఆ మాట నోటి వెంట రాగానే పిల్లలు నిటారుగా కూర్చుని నిజాయితీ, పెద్దల పట్ల గౌరవం, దేశభక్తి అని ఒప్పచెబుతారు. అందుకే ఇప్పుడు పిల్లల ముందు ఆ మాట ఎత్తను. "ఏది లేకపోతే ఆ పని నీకొద్దు?" అని అడుగుతాను. కార్డులు కూడా వాళ్ళ మాటల్లోనే తిరగరాశాను. మొత్తం 24. పాత పెళ్లి పత్రికలు కత్తిరించి, వెనక వైపు స్కెచ్ పెన్నుతో రాసినవి. "ఎట్ల చెయ్యాలో నేనే అనుకోవాలె." "నా పని నలుగురికి తెలవాలె." "ఉద్యోగం పోదు అన్న ధైర్యం." "ఇంటికి దగ్గర." చివరిది ఆ ఆరు గుంపుల్లో విడిగా కనిపించదు. మన పిల్లలతో పనిచేస్తే అది లేకుండా కుదరదని నాకు రెండు మూడేళ్ళకే అర్థమైంది.

ఆ అమ్మాయి పది నిమిషాల్లో పేర్చేసింది. పైన "ఉద్యోగం పోదు అన్న ధైర్యం", దాని కింద "నెల నెలా జీతం", మూడోది "ఇంటికి దగ్గర". అట్టడుగున "నా పని నలుగురికి తెలవాలె". నేను నోట్‌బుక్‌లో "భద్రత. సందేహం లేదు" అని రాసుకున్నాను. తర్వాత ఇరవై నిమిషాల పాటు గవర్నమెంటు ఉద్యోగాల గురించి చెప్పాను. ఇంటర్ తర్వాత ఏవి రాయొచ్చు, డిగ్రీ తర్వాత ఏవి, గ్రూప్-4 ఏంటి, గ్రూప్-3 ఏంటి. అన్నిటికీ తల ఊపింది. ఒక్క ప్రశ్న కూడా అడగలేదు.

తిరుగు బస్సులో ఆ తల ఊపడమే నన్ను పట్టుకుంది. తనకు కావలసినదాని గురించి వింటున్న పిల్ల ఊరుకోదు. అది ఎట్ల, ఇది ఎట్ల అని మధ్యలో అడ్డుపడుతుంది. నేను కార్డు మీద మాటనే చదివాను. ఆ మాట కింద ఆ పిల్ల ఏం దాచుకుందో అడగలేదు.

కోపం వచ్చిన రోజు

రెండోసారి కార్డులు సంచిలోంచి తీయలేదు. "మీ ఇంట్లో పని దగ్గర నీకు బాగా కోపం వచ్చిన రోజు ఒకటి చెప్పు" అన్నాను. నీకేం ఇష్టం అని అడిగితే పిల్లలు మనకు నచ్చే జవాబు వెతుకుతారు. కోపం గురించి అడిగితే వెతకరు, జరిగింది జరిగినట్టు చెప్తారు. ఏది ముఖ్యమో అక్కడే బయటపడుతుంది. ఇది నేను ఈ పనిలోనే నేర్చుకున్నాను.

ఆ అమ్మాయి చెప్పింది వరంగల్ ఏనుమాముల మార్కెట్ గురించి. పోయిన ఉగాదికి ఇంటికి వెళ్ళినప్పుడు, పండుగ అయ్యాక బాపుతో పాటు ట్రాలీలో మిర్చి వేసుకుని వెళ్ళింది. తేజ రకం, 14 బస్తాలు. ముందు రోజు రాత్రే చేరుకుని బస్తాల మీదే పడుకున్నారు. కళ్ళు మండుతుంటే చున్నీ తడిపి మొహం మీద వేసుకుందట. తెల్లారాక జెండా పాట.

మార్కెట్ ఎరగని వాళ్ళ కోసం ఒక మాట. పొద్దున అందరికంటే మేలైన సరుకుకు వ్యాపారులు పాడిన ధర జెండా పాట. మర్నాడు పేపర్లో వచ్చేది ఆ ధరే. మిగతా బస్తాలకు అంత వస్తుందని ఏమీ లేదు, వాటి రేటు వాటి దగ్గరే తేలుతుంది. తాలు అంటే రంగు పోయిన నాసి కాయ.

"మైకుల జెండా పాట చెప్పంగనే బాపు నా దిక్కు చూసి నవ్విండు మేడం. తర్వాత మా బస్తాల కాడికి ఒకాయన వచ్చిండు. చెయ్యి పెట్టి నాలుగు కాయలు తీసి ఇరిసిండు. క్వింటాలుకు నాలుగు వేలు తక్కువ చెప్పిండు. ఎందుకంటే తాలు ఉన్నదన్నడు. ఎంత తాలు ఉన్నదో తీసి చూపెట్టలే. బాపు మల్ల అడగలే."

"కోపం ఎవరి మీద వచ్చింది? రేటు తగ్గించిన ఆయన మీదనా?"

వెంటనే చెప్పలేదు. బల్ల చెక్క మీద పెచ్చు లేచిన చోట గోరుతో గీస్తూ కూర్చుంది. తర్వాత అంది: "తక్కువ వచ్చినందుకు కాదు మేడం. ఎందుకు తక్కువనో చెప్పకపాయె."

అక్కడి నుంచి మాట ఆగలేదు. ఆరో తరగతి నుంచి ఇంట్లో తక్‌పట్టీలన్నీ తనే దాస్తోందట. తక్‌పట్టీ అంటే సరుకు అమ్మాక రైతుకు ఇచ్చే చీటీ. తూకం, ధర, కమీషన్, హమాలీ, దడువాయి (తూకం వేసే మనిషి) ఖర్చులు అన్నీ అందులో ఉంటాయి. స్కూలు పాత ఫైలులో సంవత్సరాల వారీగా పెట్టింది. ప్రతి చీటీ వెనక పెన్సిల్‌తో తను మళ్ళీ లెక్క వేస్తుంది. "ఒకసారి కూడికల తప్పు దొరికింది మేడం. నూట ఎనభై రూపాయలు. బాపు పోయి అడిగితే ఇచ్చిన్రు." ఆ నూట ఎనభై గురించి చెప్పేటప్పుడు మొదటిసారి నా మొహంలోకి చూసింది.

మరి గవర్నమెంటు జాబ్ ఎందుకు అని అడిగాను. "మామ జీతం కాయితం చూసిన. కటింగులు సుత రాసి ఉంటయి. ఏది ఎందుకు కోసిన్రో పక్కనే ఉంటది."

ఆ పిల్ల "ఉద్యోగం పోదు అన్న ధైర్యం" కార్డు పైన పెట్టినప్పుడు మనసులో ఉన్నది మామ జీతం చీటీ. లెక్క కళ్ళముందు ఉండాలి, తగ్గితే ఎందుకు తగ్గిందో అడిగే వీలుండాలి, జవాబు రావాలి. నా 24 కార్డుల్లో ఆ మాట లేదు. తన చేతనే కొత్త కార్డు మీద రాయించాను: "ఎందుకు అంటే చెప్పాలె." అప్పుడు మళ్ళీ పేర్చమన్నాను. అది అన్నిటికంటే పైకి వెళ్ళింది. భద్రత ఐదోదయింది.

భద్రత అన్న ఒకే కార్డును మన దగ్గర ఒక్కో ఇంటి పిల్లలు ఒక్కో అర్థంతో పైన పెడతారు. గోదావరిఖనిలో తండ్రికి గనిలో దెబ్బ తగిలిన ఇంటి అబ్బాయికి అది ప్రాణానికి భయం లేని పని. కాజీపేట రైల్వే క్వార్టర్స్‌లో పెరిగిన అమ్మాయికి అది ఖాళీ చేయమనేవాళ్ళు లేని ఇల్లు. కార్డు పైన పెట్టగానే "అది ఉన్న రోజు ఒకటి, లేని రోజు ఒకటి చెప్పు" అని అడగకపోతే నేను రాసుకున్న "సందేహం లేదు" లాంటి మాటే మిగులుతుంది.

బాపు వచ్చిన ఆదివారం

ఫిబ్రవరిలో తల్లిదండ్రులు వచ్చే ఆదివారం వాళ్ళ బాపు వచ్చాడు. మిర్చి ఏరుతున్న రోజులు, అయినా వచ్చాడు. బిడ్డకు సకినాలు తెచ్చాడు. ఏం చెప్తానో అని టెన్షన్ పడుతున్నట్టు కుర్చీ అంచు మీదే కూర్చున్నాడు. "మీ బిడ్డ గురించి తర్వాత మాట్లాడుకుందాం అన్నా, ముందు మీరు ఇవి పేర్చండి" అని కార్డులు ఇచ్చాను. చదవడం అంతగా రాదన్నాడు. ఒక్కొక్కటి నేను చదువుతుంటే తీసుకుని, బిడ్డకు పనిలో ఏది ఉండాలో అనుకుంటూ పెడుతున్నాడు. "ఇంటికి దగ్గర" అన్నది చదివినప్పుడు మాత్రం బల్ల మీద పెట్టకుండా చేతిలోనే పట్టుకున్నాడు. మిగతావన్నీ అయిపోయాక "గిదే ముందు మేడం" అని పైన పెట్టాడు.

"నర్సైతే మన నర్సంపేట దవాఖానల్నే చెయ్యొచ్చు. ఇంజనీరింగ్ అంటే హైదరాబాదు పోవాలె. హైదరాబాదు పోయిన పిల్ల పండుగకు సుట్టం లెక్క వస్తది."

అమ్మాయి తల ఎత్తి చూసింది. "నాకు దవాఖాన వాసనే పడదు బాపు."

"మరి ముందుగాల చెప్పకపోతివి?"

"నువ్వు అడగలే."

మూడేళ్ళుగా ఆ ఇంట్లో నర్సు అన్న మాట నడుస్తోంది. ఆ పని మీద ఆయనకు ప్రత్యేకమైన ఇష్టమేమీ లేదు, బిడ్డ దగ్గర ఉండాలన్నదే కోరిక. కోర్సు గురించి జరిగే గొడవల్లో నేను చూసినవి చాలావరకు ఇలాంటివే. కోర్సు పేరు చెప్పి వాదించుకుంటారు, లోపల ఉన్నది దూరం, పెళ్లి, ఖర్చు, ఊళ్ళో మాట. తల్లిదండ్రుల చేత కూడా కార్డులు పేర్పిస్తే ఆ లోపలిది బల్ల మీదకు వస్తుంది. పిల్లను ఒక్కదాన్నే కూర్చోబెట్టి నీకేం కావాలో తేల్చుకో అంటే, తేల్చుకున్నది ఇంటి గడప దాటదు.

ఆయన రెండో కార్డు "ఎవ్వరి ముందట నిలబడి అడగొద్దు." పైకి చూస్తే తండ్రి, కూతురు ఒకే మాట అంటున్నట్టు అనిపిస్తుంది. అక్కడ ఉన్న టీచరు కూడా "ఇద్దరిదీ ఒకటే" అన్నారు. నాకు అలా అనిపించలేదు. అడగాల్సిన అవసరమే రాకూడదని ఆయన కోరిక. అడిగితే జవాబు రావాలని ఆ పిల్ల కోరిక. ఆయన కోరికకు సరిపోయే పనిలో ఈ అమ్మాయి నోరు మూసుకుని ఉండాల్సి రావచ్చు. ఈ తేడా ఇద్దరికీ చెప్పాను. ఆయన చాలాసేపు ఏమీ అనలేదు. "అడిగేటోళ్ళు ఉంటే మంచిదే" అన్నాడు చివరికి.

కొనుగోలు కేంద్రం

పరీక్షలు అయ్యాక, ఏప్రిల్ నెలాఖరులో, యాసంగి వడ్లు కొంటున్న ఒక ఐకేపీ కేంద్రానికి తీసుకెళ్ళాను. అక్కడ మహిళా సంఘం తరఫున లెక్కలు రాసే ఆమెతో గంటసేపు కూర్చున్నాం. తేమ చూసే మిషన్, కాంటా, బస్తాల వరస, ట్యాబ్‌లో ఎంట్రీ. ఎండకు టార్పాలిన్ కింద వేడి గాలి. ఒక రైతు తరుగు గురించి గట్టిగా అడుగుతున్నాడు. బస్తాకు ఎన్ని కిలోలు తగ్గిస్తున్నారన్న గొడవ మన దగ్గర ప్రతి సీజన్‌లో ఉండేదే.

అమ్మాయి ఆమెను ఒకటే అడిగింది: "అక్కా, లెక్క మార్చమని ఎవరన్న అంటే ఏం జేస్తరు?"

ఆమె పెన్ను పక్కన పెట్టింది. "అంటరు. నేను మార్చ. గందుకే రెండుసార్లు గొడవైంది, ఒకరోజు ఇంటికి పోయి ఏడ్చిన. మర్నాడు మల్ల వచ్చిన."

బస్సులో అమ్మాయి చాలాసేపు కిటికీలోంచి చూస్తూ కూర్చుంది. మల్లంపల్లి దాటాక "గంత కష్టమైతదని అనుకోలే మేడం" అంది. అయినా కావాలా అని అడిగాను. "కావాలె" అంది. నాలుగు నెలల్లో నేను ఎక్కువ బరువు ఇచ్చిన జవాబు ఇదే. కార్డుల మీద ఏదైనా పైన పెట్టడానికి ఖర్చేమీ లేదు. దానికోసం ఏం పోగొట్టుకోవాల్సి వస్తుందో చూశాక కూడా అది పైనే ఉంటే, అప్పుడది ఆ మనిషిదని నమ్ముతాను.

తర్వాత ఇంటర్ గ్రూపుల గురించి మాట్లాడుకున్నాం. తనకు ముఖ్యమైనది తేలినంత మాత్రాన దారి ఒకటే అయిపోదు. సివిల్ డిప్లొమా చేసి పనుల కొలతలు ఎంబీ పుస్తకంలో రాసే ఉద్యోగంలోనూ ఆ "ఎందుకు" ఉంటుంది. ల్యాబ్ టెక్నీషియన్ పనిలోనూ ఉంటుంది. ఆసక్తి, శక్తి, డబ్బు, దూరం అన్నీ పక్కపక్కన పెట్టి చూశాక ఎంఈసీ (లెక్కలు, ఎకనామిక్స్, కామర్స్), సీఈసీ (లెక్కలకు బదులు సివిక్స్) మిగిలాయి. నేను ఎంఈసీ వైపే మొగ్గాను. లెక్కలంటే ఆ పిల్లకు ప్రాణం, పైగా ఆడిటర్ కావడానికి చదివే సీఏలో మొదటి మెట్టు ఫౌండేషన్‌లో గణితం, స్టాటిస్టిక్స్ కలిపి ఒక పేపరు ఉంటుంది. కానీ ఎంఈసీ అంటే హనుమకొండలో హాస్టల్. సీఈసీ మండలంలోనే ఉంది. స్కూల్లో ఒక సారు "ఇంత చదివే పిల్లకు సీఈసీ ఏంది, చదువు రానోళ్ళు తీసుకునేది" అన్నారు. ఆ మాట నన్ను బాధపెట్టింది. గ్రూపుకు ఉన్న పరువు ఆయన విలువ, ఆ అమ్మాయిది కాదు. "నా పని నలుగురికి తెలవాలె" కార్డును ఆమె అట్టడుగున పెట్టిందని చెప్పాను. ఆమె సీఈసీ తీసుకుంది. ఈసారి కాగితం తెల్లగా ఇవ్వలేదు. చేరే కారణం దగ్గర "లెక్కలు చూసే పని కోసం, ఆడిటర్" అని రాసింది.

ఇక్కడ నా సందేహం ఒకటి రాయాలి. ఒక్క పిల్లకు నాలుగుసార్లు కూర్చోవడం, ఇంటివాళ్ళతో మాట్లాడడం, బయటికి తీసుకెళ్ళడం అన్నిచోట్లా సాధ్యం కాదు. నలభై మంది ఉన్న క్లాసులో నేను చేయగలిగేది తక్కువ. ఇద్దరిద్దర్ని కూర్చోబెట్టి కోపం వచ్చిన రోజు గురించి ఒకరికొకరు చెప్పుకోమంటాను, విన్నవాళ్ళ చేత ఒక్క వాక్యం కార్డు రాయిస్తాను. అచ్చు వేసిన జాబితా టిక్ పెట్టించడం కంటే అది ఎంతో నయం. ఇంకో విషయం, పదిహేనేళ్ళకు పేర్చిన వరస అలాగే ఉండిపోదు. 15 నుంచి 24 ఏళ్ళ మధ్య వయసును సూపర్ వెతుకులాట దశ అన్నారు. అందుకే నా దగ్గరికి వచ్చిన ప్రతి పిల్లను ఏడాదికోసారి మళ్ళీ పేర్చమంటాను, పాత వరస చూపించకుండా.

ఆ అమ్మాయి ఇప్పుడు సీఈసీ రెండో సంవత్సరం. ఎంఈసీ వాళ్ళ లెక్కల పుస్తకం కొనుక్కుని సొంతంగా చేసుకుంటోంది, అర్థం కానివి ఫోటో తీసి పంపుతుంది. సంక్రాంతి సెలవుల్లో హనుమకొండ వచ్చి మా ఇంటి వసారాలో కూర్చుని కార్డులు పేర్చింది. "ఎందుకు అంటే చెప్పాలె" పైనే ఉంది. "కొత్తవి నేర్చుకోవాలె" రెండోదైంది. "ఇంటికి దగ్గర" తొమ్మిదోచోటికి దిగింది. పెట్టాక దాన్నే చూస్తూ కూర్చుంది.

"బాపుకు చెప్పాల్నా మేడం?"

"ఈసారి ఆయన అడిగేదాకా ఆగకు" అన్నాను.

వెళ్ళేటప్పుడు ఆ కార్డు అడిగి తీసుకుని సంచిలో పెట్టుకుంది. నా కట్టలో ఒకటి తక్కువైంది, కొత్తది రాసుకోవాలి.